అప్పట్లో రైల్వే స్టేషన్లో లగేజి, పార్సిళ్లు, గూడ్స్ సరుకు ఎలా నడిచేవి? ఒక 1964 రసీదు గురించి

మీ తాతగారి ట్రంకు పెట్టెలో 1964 నాటి రైల్వే గూడ్స్ రసీదు దొరికిందని, అందులో అనకాపల్లి నుంచి నంద్యాలకి బెల్లం బుక్ చేసినట్టు ఉందని, 'సెల్ఫ్', 'టు పే', 'ఓ.ఆర్.', 'ఎస్.టి.సి.' అన్నవి ఏమిటో తెలియలేదని రాశారు. ఆ రోజుల్లో స్టేషన్లో లగేజి, సరుకు అసలు ఎలా నడిచేవని కూడా అడిగారు. నేను గూడ్స్ షెడ్డులోనూ పార్సిల్ ఆఫీసులోనూ గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నేను చేరేనాటికి ఈ పద్ధతులన్నీ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఒక సంగతి. పాత స్టేషన్ అనగానే అందరికీ ఎర్ర చొక్కా కూలీలు, బస్తాలు మోసే హమాలీలు గుర్తొస్తారు. కష్టం వాళ్లదే, సందేహం లేదు. కానీ ఆ సరుకు వందల మైళ్లు దాటి సరైన మనిషికి చేరిందంటే దానికి కారణం కాగితం. సరుకు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లిన ప్రతిచోటా ఒక లెక్క, ఒక సంతకం ఉండేవి. దారిలో బస్తా పోతే, ఏ సంతకం దగ్గర లెక్క సరిపోయింది, ఏ సంతకం దగ్గర తగ్గింది అని వెనక్కి వెతుక్కుంటూ పోయేవాళ్లం. మీ రసీదులో ఉన్న మాటలన్నీ ఈ బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు జవాబులే.

స్టేషన్లోకి వచ్చే సామాను మూడు దారుల్లో వెళ్లేది: లగేజి, పార్సిల్, గూడ్స్. లగేజి అంటే టిక్కెట్టు కొన్న ప్రయాణికుడి సామాను. పార్సిల్ అంటే ప్రయాణికుడు లేకుండా ప్యాసింజరు రైళ్లలో వెళ్లే సరుకు. గూడ్స్ అంటే గూడ్సు బండిలో వెళ్లేది. ఈ మూడింటికీ ఆఫీసులు వేరు, పుస్తకాలు వేరు, రేట్లు వేరు.

లగేజి సంగతి చిన్నదే. తరగతిని బట్టి ఇంత బరువు ఉచితం అని ఉండేది, ఇప్పటికీ ఉంది. అంతకు మించితే కాటా మీద తూచి, డబ్బు కట్టించుకుని లగేజి టిక్కెట్టు ఇచ్చేవాళ్లు. పెట్టె మీద లేబులు అంటించి బ్రేకు వ్యాన్‌లో, అంటే గార్డు ఉండే బోగీలో, ఎక్కించేవాళ్లు. దిగిన ఊళ్లో ఆ టిక్కెట్టు చూపిస్తే సామాను చేతికిచ్చేవాళ్లు. మీరు మీతోపాటు బోగీలో పెట్టుకున్న సామానుకి బాధ్యత మీదే. బుక్ చేసి రసీదు తీసుకున్న దానికి మాత్రం రైల్వేది. 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్‌లోనూ ఇదే సూత్రం ఉంది. ట్రాన్స్‌ఫర్ మీద ఊరు మారే ఉద్యోగులు మంచాలు, బీరువాలు, సైకిళ్లు ఇలాగే పంపుకునేవాళ్లు. కుక్కల కోసం బ్రేకు వ్యాన్‌లో ప్రత్యేకంగా ఇనప తలుపున్న చిన్న అర ఉండేది, దాన్ని డాగ్ బాక్స్ అనేవాళ్లం. రైలు మారడానికి మధ్యలో కొన్ని గంటలు ఆగాల్సి వస్తే క్లోక్ రూమ్ ఉండేది. తాళం వేయని సామాను అక్కడ తీసుకునేవాళ్లు కాదు.

కూలీల గురించి ఒక మాట. చాలామంది వాళ్లని రైల్వే ఉద్యోగులు అనుకుంటారు. కాదు. వాళ్లు లైసెన్సు మీద పనిచేసే పోర్టర్లు. చేతికి కట్టుకునే ఇత్తడి బిళ్ల మీద నంబరు ఉండేది. సామాను ఎత్తించేముందు ఆ నంబరు గుర్తుపెట్టుకోమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. 2016 రైల్వే బడ్జెట్‌లో వాళ్లని 'సహాయక్' అని పిలవాలన్నారు.

పార్సిల్ ఆఫీసు మాత్రం వేరే లోకం. ఇక్కడ వచ్చే సరుకు ఎక్కువగా త్వరగా చేరాల్సినది: చేపల బుట్టలు, తమలపాకుల బుట్టలు, మామిడిపండ్లు, పాల క్యాన్లు, గుడ్లు, కోడిపిల్లలు, దినపత్రికల కట్టలు. పంపే మనిషి వివరాలు రాసిచ్చాక తూచి, ప్రతి నగం, అంటే విడి మూటో పెట్టో బుట్టో, దాని మీద నంబరు, బయల్దేరిన స్టేషన్, చేరాల్సిన స్టేషన్ రాయించేవాళ్లం. దానికి పార్సిల్ వే బిల్లు, అంటే ఆ వివరాలన్నీ ఉన్న కాగితం, తయారయ్యేది. తేలిగ్గా ఉండి చోటు ఎక్కువ తినే సరుకైతే తూకానికి బదులు పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఛార్జి వేసేవాళ్లం. ఖాళీ బుట్టలు, దూది, వెదురు సామాను ఇలాంటివి.

అసలు పరీక్ష రైలు వచ్చాక ఉండేది. చిన్న స్టేషన్లో బండి ఆగేది రెండు నిమిషాలు. బ్రేకు వ్యాన్ ముందుందా వెనకుందా అన్నది ముందే తెలుసుకుని, తోపుడు బండిని సరిగ్గా ఆ చోట పెట్టుకుని నిలబడాలి. పది గజాలు అటూ ఇటూ అయినా అంతే, ఆ రాతి ప్లాట్‌ఫారం మీద బరువు బండిని పరుగెత్తించే టైము ఉండదు. తలుపు తెరుచుకోగానే ముందు దించేవి దించాలి, తర్వాతే ఎక్కించేవి. గార్డు చేతిలోని లెక్కతో మన లెక్క సరిపోవాలి, ఆయన మన పుస్తకంలో, మనం ఆయన పుస్తకంలో సంతకాలు పెట్టాలి. ఇదంతా అయ్యేలోపు బండి బయల్దేరొచ్చని చెప్పే స్టార్టరు సిగ్నల్ పడిపోయి ఉండేది. లోపల సర్దడంలోనూ పద్ధతి ఉంది. దూరం వెళ్లేవి లోపలికి, దగ్గర స్టేషన్లవి తలుపు పక్కన, బరువైనవి కింద, చేపల బుట్టలు మిగతా సరుకు మీద నీళ్లు కారకుండా విడిగా. మొదటి స్టేషన్లో ఎవరైనా ఇది పట్టించుకోకుండా సర్దితే దారి పొడవునా ప్రతి స్టేషన్ వాళ్లకీ టెన్షనే. కింద ఇరుక్కుపోయిన పార్సిల్ దొరక్క ముందుకు వెళ్లిపోయేది. దాన్ని ఓవర్ క్యారీడ్ అనేవాళ్లం. తర్వాతి స్టేషన్ వాళ్లు దించి, ఎదురు బండిలో వెనక్కి పంపాలి. ఈలోగా తమలపాకులు వాడిపోయేవి.

బ్రేకు వ్యాన్‌లో ఇంకొక వస్తువు కూడా ఉండేది, క్యాష్ సేఫ్. ప్రతి చిన్న స్టేషన్ తన రోజు వసూళ్లను తోలు సంచిలో పెట్టి సీలు వేసి ఆ ఇనప పెట్టె రంధ్రంలోంచి లోపలికి వదిలేది. లోపలికి వేయడమే తప్ప దారిలో ఎవరూ తీయలేరు.

ఇక గూడ్స్. మీ తాతగారి బెల్లం దారి ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

గూడ్స్ షెడ్డు స్టేషన్‌కి కాస్త దూరంగా ఉండేది. ఒకవైపు వ్యాగన్లు నిలిపే సైడింగు లైను, ఇంకోవైపు ఎద్దుబండ్లు, లారీలు వచ్చే రోడ్డు, మధ్యలో కప్పు ఉన్న ఎత్తైన అరుగు. ఆ అరుగు ఎత్తు వ్యాగన్ నేలకి సమానంగా ఉండేది. ఎందుకంటే బస్తా మోసే మనిషి మెట్టు ఎక్కకుండా, దిగకుండా నేరుగా లోపలికి నడవాలి. ఖాళీ చోట లైనుకి అడ్డంగా ఇనప చట్రం ఒకటి వేలాడుతూ ఉండేది. గడ్డి, పత్తి లాంటివి ఎత్తుగా నింపిన ఓపెన్ వ్యాగన్‌ని దాని కింద నుంచి పోనిచ్చి, ఎక్కడా తగలకుండా వెళ్తేనే దారిలో వంతెనలకీ సొరంగాలకీ తగలదని నమ్మకం. మోటారు కార్లు, ట్రాక్టర్లు ఎక్కించడానికి లైను చివర వాలుగా కట్టిన ర్యాంపు ఉండేది.

వ్యాపారి ముందు ఫార్వర్డింగ్ నోట్ రాసివ్వాలి. ఏ సరుకు, ఎన్ని నగాలు, ఎక్కడికి, ఎవరికి, ఛార్జీ ఇప్పుడు కడతారా అక్కడ కడతారా, నష్టం వస్తే బాధ్యత ఎవరిది, రైల్వే రిస్కా ఓనర్ రిస్కా. వ్యాగన్ మొత్తం కావాలంటే డబ్బు కట్టి రిజిస్టరు చేసుకోవాలి. ఆ వరస తప్పకూడదని రిజిస్టరు ఉండేది, ప్రభుత్వ సరుకుకి ముందు చోటు ఇవ్వాలని వేరే నియమాలూ ఉండేవి. సీజన్‌లో అనకాపల్లిలో బెల్లానికి, గుంటూరులో పొగాకుకి, మిర్చికి వ్యాగన్లు దొరకడం వ్యాపారులకి పెద్ద సమస్య.

సరుకు రాగానే తూకం. మెట్రిక్ పద్ధతి రాకముందు రైల్వేలో మణుగులు, సేర్ల లెక్క. మన ఊళ్లలో ఎనిమిది వీశెల మణుగు వేరు, రైల్వే మణుగు వేరు. రైల్వేది 40 సేర్ల పెద్ద మణుగు, 37 కిలోల పైచిలుకు. మన మద్రాసు మణుగు దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. పాత రసీదులు చూసేవాళ్లు ఇక్కడే పొరపడుతుంటారు. మీది 1964 నాటిది కాబట్టి కిలోల్లోనే ఉండాలి.

బస్తాలు ఎత్తడం చూడాల్సిన పని. ముఠా మేస్త్రి కింద హమాలీలు ఉంటారు. ఒకతను వంగి నిలబడితే ఇద్దరు బస్తాని కొక్కేలతో పట్టి మెడకిందికి, వీపు పైభాగం మీదికి వదులుతారు. బరువు నడుము మీద కాకుండా భుజాల మధ్య పడాలి. బండికీ అరుగుకీ మధ్య పలక వేస్తారు. ఆ పలక ఊగుతుంది, దాని ఊపుతో కలిపి అడుగు వేయడం తెలియాలి. వ్యాగన్ తలుపు దగ్గర లెక్క చెప్పే మనిషి ఉంటాడు. మొదటి బస్తాకి 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. రెండు, మూడు, నాలుగు, అలా పోతుంది. గుమాస్తా పక్కనే నిలబడి ఐదేసి గీతలుగా గీసుకుంటాడు. ఆ రెండు లెక్కలూ కలవాలి. ఎండాకాలంలో ఇనప వ్యాగన్ లోపల నిలబడి బస్తాలు పేర్చేవాళ్ల కష్టం గురించి ఎక్కడా రాసిపెట్టిన కాగితం లేదు. బస్తాకి ఇంత అని కూలి, అంతే. రైల్వే చరిత్ర రాసేవాళ్లు ఇంజన్ల గురించి రాసినంతగా వీళ్ల గురించి రాయకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

బెల్లం, పంచదార, ఎరువులు, సిమెంటు లాంటివాటికి వ్యాగన్ ఎంపిక ముఖ్యం. నాలుగు చక్రాల కప్పు వ్యాగన్లో సుమారు 22 టన్నులు పట్టేది. వాన కారుతుందో లేదో చూడటానికి ఖరీదైన పరికరం ఏమీ లేదు. లోపలికి వెళ్లి తలుపులు మూయించుకుని పైకి చూడాలి. ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తే అక్కడ నీళ్లు కారతాయన్నమాట. తలుపు సందుల్లోంచి జల్లు కొడుతుంది కాబట్టి తలుపుకి ఆనించి బస్తాలు పేర్చనిచ్చేవాళ్లం కాదు. పాత బెల్లం బస్తా ఒక్కటి తడిసి కారితే కింద వరసంతా పోతుంది.

లోడింగు అయ్యాక తలుపు గడియకి తీగ చుట్టి సీసపు సీలు నొక్కేవాళ్లు. ఖరీదైన సరుకైతే గడియకి రివెట్లు కూడా బిగించేవాళ్లు. రెండు పక్కలా లేబుల్ కార్డులు పెట్టేవాళ్లు, వాటిమీద ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ సరుకు అని ఉండేది. యార్డుల్లో వ్యాగన్ ఎటు వెళ్లాలో ఆ కార్డు చూసే పంపేవాళ్లు. కార్డులు రెండూ ఊడిపోతే ఆ వ్యాగన్ ఎవరిదో తెలియక యార్డులో పడి ఉండేది. దాన్ని అన్‌కనెక్టెడ్ వ్యాగన్ అంటారు. అప్పుడు సీలు మీది స్టేషన్ పేరు, బస్తాల మీది గుర్తులు, వ్యాగన్ నంబరు పట్టుకుని వెతకాలి. బస్తా మీద వ్యాపారి వేసుకునే ప్రైవేట్ మార్కుకి, అంటే త్రిశూలం బొమ్మో, ఇంటిపేరు అక్షరాలో, అంత విలువ ఉండేది అందుకే.

ఇప్పుడు మీ రసీదు మాటలు. 'ఎస్.టి.సి.' అంటే సెయిడ్ టు కంటెయిన్. బస్తాల్లో బెల్లం ఉందని పంపినాయన చెప్పాడు, మేము విప్పి చూడలేదు అని రైల్వే రాసుకోవడం. 'టు పే' అంటే ఛార్జీ చేరిన ఊళ్లో కడతారు. 'సెల్ఫ్' అంటే పంపినవాళ్లే తమ పేరుకి బుక్ చేసుకున్నారు. ఇది వ్యాపారంలో చాలా తెలివైన ఏర్పాటు. రైల్వే రసీదు ఉన్నవాడిదే సరుకు. అమ్మినాయన సెల్ఫ్ పేరుతో బుక్ చేసి, రసీదు వెనక సంతకం పెట్టి బ్యాంకుకి ఇస్తాడు. కొన్నాయన నంద్యాలలో బ్యాంకుకి డబ్బు కట్టి రసీదు విడిపించుకుంటాడు. దాంతో స్టేషన్‌కి వెళ్లి సరుకు తీసుకుంటాడు. ఒకరికొకరు ముఖపరిచయం లేని వ్యాపారులు కూడా ఇలా ఆ చిన్న కాగితాన్ని నమ్మి లావాదేవీ నడిపేవాళ్లు. సరుకు ఇంకా దారిలో ఉండగానే రసీదు ఇద్దరు ముగ్గురి చేతులు మారడం కూడా మామూలే.

'ఓ.ఆర్.' అంటే ఓనర్స్ రిస్క్. రేటు తక్కువ, కానీ నష్టం వస్తే రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం వల్లే వచ్చిందని నిరూపించుకోవాల్సిన భారం సరుకు యజమానిది. 1890 రైల్వే చట్టం కింద రైల్వే బాధ్యత మొదట్లో పరిమితమే, అప్పగించిన వస్తువుని జాగ్రత్తగా చూసుకునే మనిషికి ఉండేంత. 1961లో చట్టం సవరించి, 1962 జనవరి 1 నుంచి రైల్వేని కామన్ క్యారియర్‌గా చేశారు, అంటే బాధ్యత పెరిగింది. అయినా రెండు రేట్లున్న చోట రైల్వే రిస్క్ కావాలని ప్రత్యేకంగా రాసివ్వకపోతే ఓనర్ రిస్క్ కిందే లెక్క. చాలామంది వ్యాపారులు తక్కువ రేటు వైపే మొగ్గేవాళ్లు.

వ్యాగన్ నిండేంత సరుకు లేకపోతే దాన్ని స్మాల్స్ అనేవాళ్లు. పది బస్తాలు, నాలుగు డబ్బాలు, ఒక కుట్టుమిషను, ఇలా. వీటికోసం స్టేషన్ స్టేషన్‌కీ ఆగే గూడ్సు బండిలో రోడ్ వ్యాన్ అని ఒక వ్యాగన్ ఉండేది. ప్రతి స్టేషన్లో దాన్ని తెరిచి కొన్ని దించి, కొన్ని ఎక్కించి, మళ్లీ సీలు వేసేవాళ్లు. దూరం వెళ్లేవాటిని పెద్ద జంక్షన్లలో రీప్యాకింగ్ షెడ్డుల్లో దించి, దిక్కులవారీగా వేరే వ్యాగన్లలో సర్దేవాళ్లు. రైలు లేని ఊళ్లకి ఔట్ ఏజెన్సీలు ఉండేవి. అక్కడి దాకా కాంట్రాక్టరు లారీలోనో బండిలోనో చేర్చేవాడు, రసీదు మాత్రం ఒక్కటే.

మీ బెల్లానికి ఇంకో గండం ఉంది. అనకాపల్లి బ్రాడ్ గేజ్ మీద, నంద్యాల అప్పట్లో గుంటూరు–గుంతకల్ మీటర్ గేజ్ లైను మీద ఉన్నాయి. పట్టాల మధ్య ఒకచోట 1676 మిల్లీమీటర్లు, ఇంకోచోట 1000. వ్యాగన్ ముందుకి పోదు. కాబట్టి దారిలో ఒక జంక్షన్లో సరుకంతా దించి ఎక్కించాల్సిందే. ట్రాన్‌షిప్‌మెంట్ షెడ్డు అంటే అదే. అరుగుకి అటు పెద్ద లైను, ఇటు చిన్న లైను. పెద్ద వ్యాగన్ సరుకు చిన్న వ్యాగన్ ఒక్కదానిలో పట్టదు, మిగిలింది రెండోదానిలోకి పోతుంది. అక్కడే ఒకే రసీదు సరుకు రెండుగా చీలిపోయేది. ఒకటి ముందు చేరి, రెండోది ఎప్పుడో వచ్చేది. బస్తాలు చిరిగేదీ, లెక్క తప్పేదీ, తడిసేదీ ఎక్కువగా ఇక్కడే. గుంతకల్ లాంటి చోట్ల ఈ పనిమీదే ఎన్నో కుటుంబాలు బతికాయి. 1992లో మొదలైన యూనిగేజ్ పథకంతో ఆ మీటర్ గేజ్ లైన్లు బ్రాడ్ గేజ్‌కి మారాక ఆ షెడ్డులకి పని లేకుండా పోయింది.

సరుకు చేరాక దించి, బుక్ చేసిన స్టేషన్ నుంచి వచ్చిన రసీదు ప్రతితో, అంటే ఇన్వాయిస్‌తో సరిచూసి, నోటీసు బోర్డు మీద వ్యాపారులకి తెలిసేలా పెట్టేవాళ్లం. ఉచిత గడువు దాటితే రెండు రకాల ఛార్జీలు. వ్యాగన్ ఖాళీ చేయకుండా ఆపితే డెమరేజి. దించిన సరుకు షెడ్డులోంచి తీసుకెళ్లకపోతే వార్ఫేజి. రెంటికీ తేడా తెలియక గొడవపడే వ్యాపారులు రోజూ ఉండేవాళ్లు. ఎవరూ రాకపోతే నోటీసు ఇచ్చి వేలం వేసేవాళ్లు, కుళ్లిపోయే సరుకైతే ఆగకుండా అమ్మేసే అధికారం చట్టంలోనే ఉంది.

బస్తా చిరిగినట్టో తడిసినట్టో కనిపిస్తే వ్యాపారి ఓపెన్ డెలివరీ అడగాలి. అందరి ముందూ విప్పి, తూచి, నష్టం ఎంతో రాసి సంతకాలు చేస్తారు. అడగకుండా మామూలు సంతకం పెట్టి తీసుకెళ్లి, ఇంటికెళ్లాక చూసుకుని పరుగెత్తుకొచ్చినవాళ్లకి మేము చేయగలిగింది తక్కువ. పరిహారం కావాలంటే ఆరు నెలల్లోగా రైల్వేకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మొదట్లో ఈ కేసులు సివిల్ కోర్టులకి వెళ్లేవి, రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఏర్పడింది 1989లో.

1980ల నుంచి రైల్వే విధానం మారింది. ఒక్కొక్క వ్యాగన్‌ని యార్డు యార్డులో విడదీసి కలపడం మానేసి, బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు, ధాన్యం లాంటివాటిని రైలు మొత్తం ఒకే సరుకుతో నింపి నడపడం మీద దృష్టి పెట్టింది. బండ్లు వేగంగా నడిచాయి, టన్నులు పెరిగాయి. రైల్వే లెక్కల్లో అది సరైనదే. చిన్న వ్యాపారి పది బస్తాలు మాత్రం లారీకి మళ్లాయి. చిన్న స్టేషన్ల గూడ్స్ షెడ్డులు మూతపడ్డాయి. ఆ మార్పు తప్పేది కాదని నాకు తెలుసు. కానీ స్మాల్స్‌కి ఇంకాస్త మెరుగైన ఏర్పాటు వెతికి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

చివరగా మీ రసీదు గురించి ఒక ముఖ్యమైన సంగతి. గూడ్స్ రసీదు కార్బన్ పెట్టి ఒకేసారి కొన్ని ప్రతులుగా రాసేవాళ్లు. ఒకటి బుక్ చేసిన స్టేషన్ రికార్డుకి, ఒకటి అకౌంట్స్‌కి, ఒకటి ఇన్వాయిస్‌గా చేరాల్సిన స్టేషన్‌కి, ఒకటి పార్టీకి. పార్టీ ప్రతిని సరుకు తీసుకునేటప్పుడు స్టేషన్లో తిరిగి ఇచ్చేయాలి. మరి అది మీ ఇంట్లో మిగిలిందంటే? రసీదు పోస్టులో ఆలస్యమైనా, ఎక్కడో పెట్టి మర్చిపోయినా, స్టాంపు కాగితం మీద ఇండెమ్నిటీ బాండు, అంటే తర్వాత నష్టం వస్తే మేమే భరిస్తామన్న హామీ, రాసిచ్చి డెలివరీ తీసుకునే వీలుండేది. బెల్లం వానల్లో ఎక్కువ రోజులు ఉంచలేరు కాబట్టి మీ తాతగారు అలా చేసి ఉండొచ్చు. కాగితం తిప్పి వెనకవైపు చూడండి. బ్యాంకు ముద్ర, ఎవరిదైనా సంతకం ఉంటే సరుకు అమ్మకానికి వెళ్లిందని. ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే బాండు మీదే తీసుకుని ఉండొచ్చు. పైన 'ప్రతి' అనో 'కాపీ' అనో చిన్నగా రాసి ఉందేమో కూడా వెతకండి, ఉంటే అసలు రసీదు కాదు, లెక్కల కోసం దాచుకున్న నకలు. వెనకవైపు ఫోటో తీసి పెడితే ఆ ముద్రలు చదివి చెప్పగలను.